పికప్‌పై యాంటెన్నా... ఎక్కడ పెడితే మాట చేరుతుంది?

రేడియో కొనడం తేలిక. దాని యాంటెన్నాను బండిపై ఎక్కడ బిగించాలో తేల్చుకోవడమే అసలు ఇంజినీరింగ్! ఈసీఈ చదివేవారికీ, హ్యామ్ రేడియోపై ఆసక్తి ఉన్నవారికీ ఇదో చక్కని ప్రయోగశాల.

తుపాను తీరం దాటింది. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. సెల్ టవర్ల బ్యాటరీలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. మందులు, నీళ్ల డబ్బాలు వేసుకుని రెండు పికప్ వాహనాలు లోపలి ఊళ్లకు బయల్దేరాయనుకుందాం. రెండింటిలోనూ ఒకే కంపెనీ రేడియో, ఒకే పొడవున్న యాంటెన్నా, ఒకే 50 వాట్ల పవర్. పది కిలోమీటర్లు దాటాక ఒక బండి నుంచి మాట స్పష్టంగా వస్తోంది. రెండో బండి నుంచి గరగర తప్ప ఏమీ లేదు. తేడా ఒక్కటే. మొదటి దానికి యాంటెన్నా క్యాబిన్ టాప్ మధ్యలో ఉంది. రెండో దానికి వెనక బంపర్‌కు బిగించారు.

ఇది ఊహ కోసం చెప్పిందే కానీ, అవసరం మాత్రం ఊహ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఫోన్లు మూగబోవడం మనలో చాలామందికి గుర్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హ్యామ్ రేడియో కార్యక్రమం కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి సమాచారం చేరవేసింది. హైదరాబాద్‌లో 1983 నుంచీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. అంటే ఈ విద్య మనకు కొత్తేం కాదు. కొత్తగా నేర్చుకోవాల్సింది దాన్ని బండి ఎక్కించడం ఎలా అన్నదే.

పికప్‌నే ఎందుకు తీసుకున్నామంటే, సహాయ కార్యక్రమాల్లో ఎక్కువగా కనిపించే బండి అదే. పైగా కారు కంటే దానితో చిక్కులు ఎక్కువ. చిక్కులు ఎక్కువున్న చోటే నేర్చుకునేదీ ఎక్కువ!

యాంటెన్నాలో సగం... బండే!

టాప్ మీద నిలబడ్డ సన్నని కడ్డీని చూసి అదే యాంటెన్నా అనుకుంటాం. నిజానికి అది సగమే. మిగతా సగం దాని కింద ఉన్న లోహపు రేకు. దీన్నే గ్రౌండ్ ప్లేన్ అంటారు. కడ్డీలో కరెంటు ఎంత ప్రవహిస్తుందో, దానికి జంటగా రేకులోనూ అంత కరెంటు ప్రవహించాలి. ఏడబ్ల్యూపీ సబ్జెక్టులో 'మోనోపోల్', 'ఇమేజ్' అంటూ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నది దీని గురించే. కాకపోతే అక్కడ నేల అనంతంగా ఉంటుందని అనుకుంటాం. ఇక్కడ మన దగ్గర ఉన్నది కేవలం ఒక క్యాబిన్ టాప్.

అది సరిపోతుందా? లెక్క వేద్దాం. మన దేశంలో హ్యామ్‌లకు వీహెచ్ఎఫ్‌లో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ కేటాయించారు. మధ్యలో 145 తీసుకుంటే, 300ని 145తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 2.07 మీటర్లు. అందులో పావు వంతు 52 సెంటీమీటర్లు. అంటే పావు తరంగం కడ్డీ సుమారు అర మీటరు పొడవుంటుంది. దాని చుట్టూ అన్ని వైపులా కూడా కనీసం అంత రేకు ఉంటే మంచిది. మీటరుకు పైగా వెడల్పున్న క్యాబిన్ టాప్ మధ్యలో పెడితే ఈ లెక్క చక్కగా కుదురుతుంది. యూహెచ్ఎఫ్‌లో 435 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం 17 సెంటీమీటర్లే కాబట్టి ఇబ్బందే లేదు.

హెచ్ఎఫ్‌కు వస్తే కథ మారుతుంది. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 42 మీటర్లు. పావు తరంగం అంటే పదిన్నర మీటర్లు! అంత కడ్డీని ఏ బండీ మోయలేదు. అందుకే రెండు, రెండున్నర మీటర్ల కడ్డీకి కాయిల్ జోడించి సరిపెడతారు. అప్పుడు క్యాబిన్ టాప్ ఒక్కటే చాలదు. మొత్తం బండి, దాని కింది నేల కూడా యాంటెన్నాలో భాగమైపోతాయి.

కాబట్టి 'ఎక్కడ పెట్టాలి?' అన్న ప్రశ్నకు ముందు 'ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలి?' అన్నది తేల్చుకోవాలి. వీహెచ్ఎఫ్‌కు బ్రహ్మాండంగా పనిచేసే చోటు హెచ్ఎఫ్‌కు కుదరకపోవచ్చు.

ఆరు చోట్లు... ఆరు రకాల ఫలితాలు

1. క్యాబిన్ టాప్ మధ్యలో, రంధ్రం చేసి

వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్‌కు ఇదే మొదటి ర్యాంకు. ఎత్తు ఉంటుంది, అడ్డు ఉండదు, చుట్టూ రేకు ఉంటుంది. సిగ్నల్ నాలుగు వైపులా దాదాపు సమానంగా వెళ్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. లోపల కూర్చున్నవారికీ, యాంటెన్నాకూ మధ్య లోహపు రేకు కవచంలా ఉంటుంది.

ఎక్కువగా వాడే ఎన్ఎంఓ మౌంట్‌కు 19 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. చాలామందికి చెయ్యి వణికేది ఇక్కడే. కొత్త బండికి బెజ్జం పెట్టడమంటే ఇంట్లో ఒప్పుకోరు కదా! రంధ్రం అంచుకు రంగు సరిగా వేయకపోయినా, రబ్బరు వాషరు సరిగా కూర్చోకపోయినా తుప్పు ఖాయం. రేకు కింద అడ్డ పట్టీలు ఎక్కడున్నాయో, లోపలి సీలింగ్ వెనక ఏ వైర్లు వెళ్తున్నాయో చూడకుండా డ్రిల్ ముట్టకూడదు. పక్క పిల్లర్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న మోడల్ అయితే, అవి తెరుచుకునే దారికి అడ్డంగా కేబుల్ లాగకూడదు. వారంటీ సంగతి షోరూంలో ముందే అడగాలి.

2. క్యాబిన్ టాప్ మీద అయస్కాంతంతో

రంధ్రం వద్దనుకునేవారికి మధ్యేమార్గం. అయస్కాంతానికీ, రేకుకూ మధ్య రంగు పొర ఉంటుంది కాబట్టి నేరుగా విద్యుత్ స్పర్శ ఉండదు. అయినా రెండూ కలిసి ఒక కెపాసిటర్‌లా పనిచేస్తాయి. వీహెచ్ఎఫ్ ఫ్రీక్వెన్సీల్లో ఆ కెపాసిటర్ దారి దాదాపు తెరిచినట్టే. హెచ్ఎఫ్‌కు దిగేకొద్దీ ఆ దారి ఇరుకవుతుంది. అందుకే 145లో చక్కగా పనిచేసిన మాగ్నెట్ మౌంట్ 7 మెగాహెర్ట్జ్‌లో నీరసపడుతుంది.

కింద దుమ్ము చేరితే రంగు గీసుకుపోతుంది. తలుపు సందులోంచి లాగిన కేబుల్ నలిగిపోతుంది. ఇంకో సంగతి... అయస్కాంతం ఇనుముకే అంటుకుంటుంది. అమెరికాలో ఉండే మనవాళ్లు చాలామంది వాడే ఫోర్డ్ ఎఫ్-150కి 2015 మోడల్ నుంచి అల్యూమినియం బాడీ వచ్చింది. దానిపై మాగ్నెట్ పెడితే జారి కిందపడుతుంది! మన దగ్గర తిరిగే బొలెరో పికప్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ లాంటివాటికి ఉక్కు టాపే కాబట్టి ఆ చింత లేదు.

3. బానెట్ అంచున

బానెట్, మడ్‌గార్డ్ మధ్య సందులో చిన్న క్లాంప్ బిగిస్తారు. రంధ్రం అక్కర్లేదు, యాంటెన్నా చేతికి అందుతుంది, టాప్ మీద సామాను కట్టుకోవచ్చు. నష్టమేంటంటే, ఒకవైపే రేకు ఉంటుంది. వెనక క్యాబిన్ గోడలా నిలబడుతుంది. ఇంజిన్ దగ్గరగా ఉండటంతో దాని ఎలక్ట్రానిక్స్ రొద కూడా ఎక్కువగా వినిపిస్తుంది. పైగా బానెట్ బండికి ఆనుకునేది కీళ్ల దగ్గరే. మధ్యలో గ్రీజు, రంగు ఉంటాయి. అది బాడీకి గట్టిగా కనెక్ట్ అయి ఉందని అనుకోవడానికి లేదు.

4. వెనక తొట్టి అంచున

పికప్ అనగానే చాలామంది చూపు పడేది ఇక్కడే. సామాను వేసే తొట్టి అంచుకు బ్రాకెట్ బిగించడం తేలిక. బరువైన యాంటెన్నానైనా మోస్తుంది. కానీ వీహెచ్ఎఫ్‌కు ముందువైపు క్యాబిన్ అడ్డు వస్తుంది. బండి ఒకవైపు తిరిగితే మాట బాగుంటుంది, ఇంకోవైపు తిరిగితే మసకబారుతుంది.

హెచ్ఎఫ్‌కు మాత్రం ఇదే మంచి చోటు. రెండున్నర మీటర్ల కడ్డీని టాప్ మీద పెడితే మొత్తం ఎత్తు నాలుగు మీటర్లు దాటుతుంది. రైల్వే అండర్ బ్రిడ్జి ముందు ఎత్తు కొలిచే ఇనుప గేటు గుర్తుందిగా! తొట్టి అంచున అయితే మీటరు దాకా తగ్గుతుంది. మూలన పెట్టినప్పుడు లోహం ఎక్కువున్న వైపుకు, అంటే ఎదురు మూల దిశగా, సిగ్నల్ కొంచెం బలంగా వెళ్తుందని గుర్తుంచుకోవాలి.

5. క్యాబిన్ వెనక ఇనుప ఫ్రేమ్ మీద

మన పికప్‌ల్లో చాలావాటికి క్యాబిన్ వెనక పైపులతో కట్టిన ఫ్రేమ్ ఉంటుంది. ఎత్తు కోసం దాని కొమ్ముకు యాంటెన్నా తగిలిస్తారు. ఎత్తు వస్తుంది సరే, కానీ కింద రేకు లేదు. ఒక పైపు గ్రౌండ్ ప్లేన్ కాదు. ఇక్కడ పెట్టాలంటే గ్రౌండ్ ప్లేన్ అవసరం లేని అర తరంగం యాంటెన్నా ఎంచుకోవాలి. దాన్ని నిలువు పైపుకు పక్కనే ఆనించకుండా ఫ్రేమ్ పైకి లేపాలి. పక్కనే నిలువుగా ఉన్న లోహం కూడా యాంటెన్నాలాగే ప్రవర్తించి సిగ్నల్ దిశను మార్చేస్తుంది.

6. వెనక బంపర్

బిగించడానికి అన్నింటికన్నా సులువు, పనితీరులో అన్నింటికన్నా వెనక. కారణం సూటిగా ఉంటుంది. పావు తరంగం యాంటెన్నాలో కరెంటు ఎక్కువగా ఉండేది అడుగు భాగంలో. సిగ్నల్‌ను గాల్లోకి పంపడంలో ఆ భాగానిదే పెద్ద పాత్ర. దాన్నే తీసుకెళ్లి తొట్టి తలుపు వెనక దాచిపెడితే ఎలా? కొన మాత్రం పైకి కనిపిస్తూ ఉంటుంది... పనిచేసే భాగం రేకు చాటున ఉంటుంది.

పికప్ ఒక బండి కాదు, మూడు ముక్కలు!

కారుకూ, పికప్‌కూ ఉన్న అసలు తేడా ఇదే. చాలా పికప్‌ల్లో కింద నిచ్చెనలాంటి ఛాసిస్ ఉంటుంది. దానిపై క్యాబిన్ వేరుగా, తొట్టి వేరుగా కూర్చుంటాయి. క్యాబిన్ కింద రబ్బరు బుష్‌లు ఉంటాయి. బోల్టుల దగ్గర రంగు, తుప్పు ఉంటాయి. చూడటానికి ఒకే బండి. రేడియో తరంగం కళ్లతో చూస్తే మాత్రం సరిగ్గా కలవని మూడు లోహపు ముక్కలు.

తొట్టికి బిగించిన హెచ్ఎఫ్ యాంటెన్నా నీరసంగా పనిచేయడానికి చాలాసార్లు ఇదే కారణం. పరిష్కారం ఖరీదైనదేం కాదు. వెడల్పైన రాగి అల్లిక పట్టీలతో తొట్టిని ఛాసిస్‌కు, ఛాసిస్‌ను క్యాబిన్‌కు, బానెట్‌ను బాడీకి కలపాలి. దీన్నే బాండింగ్ అంటారు. పట్టీ ఎంత పొట్టిగా, ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది. బిగించే చోట రంగు గీకి, పని అయ్యాక తుప్పు పట్టకుండా గ్రీజు రాయాలి. సైలెన్సర్ పైపు రబ్బరు కొక్కేలకు వేలాడుతుంది కాబట్టి, అది రొదను మోసే కడ్డీగా మారకుండా దాన్నీ ఛాసిస్‌కు కలుపుతారు.

దీనివల్ల ఎంత లాభం? ఓ ఉదాహరణ లెక్క చూద్దాం. 7 మెగాహెర్ట్జ్‌లో పొట్టి కడ్డీకి రేడియేషన్ నిరోధం చాలా తక్కువ. 2 ఓమ్‌లు అనుకుందాం. కాయిల్‌లో, నేలలో, వదులు అతుకుల్లో పోయే నష్టం 18 ఓమ్‌లు అనుకుందాం. మొత్తం 20లో పనికొచ్చేది 2. అంటే పది శాతం. మీరు 50 వాట్లు పంపితే గాల్లోకి వెళ్లేది 5 వాట్లు. మిగతాదంతా వేడే! ఇప్పుడు బాండింగ్ చేసి నష్టాన్ని 8 ఓమ్‌లకు తగ్గించారనుకోండి. 10లో 2 అంటే ఇరవై శాతం. గాల్లోకి 10 వాట్లు వెళ్తాయి. కొన్ని రాగి పట్టీలతో పవర్ రెట్టింపు చేసినట్టే.

మీటర్ చెప్పేదంతా నిజం కాదు

కొత్తగా యాంటెన్నా బిగించినవాళ్లు మొదట చూసేది ఎస్‌డబ్ల్యూఆర్. రేడియో పంపిన పవర్‌లో ఎంత వెనక్కి వస్తోందో అది చెబుతుంది. 1.5 ఉంటే 4 శాతం, 2 ఉంటే 11 శాతం, 3 ఉంటే 25 శాతం వెనక్కి వస్తున్నట్టు. 1.5 లోపు ఉంటే హాయిగా వాడుకోవచ్చు.

అయితే ఒక మెలిక ఉంది. 50 ఓమ్‌ల రెసిస్టర్‌ను యాంటెన్నా స్థానంలో పెట్టండి. ఎస్‌డబ్ల్యూఆర్ అద్భుతంగా 1 చూపిస్తుంది. కానీ గాల్లోకి వెళ్లేది దాదాపు సున్నా! వెనక్కి రాకపోవడం వేరు, బయటికి వెళ్లడం వేరు. పై లెక్కే మళ్లీ చూడండి. నష్టం ఎక్కువున్నప్పుడు మొత్తం 20 ఓమ్‌లు, తగ్గించాక 10 ఓమ్‌లు. 50కి దగ్గరగా ఉన్నది ఏది? నష్టం ఎక్కువున్నదే! అంటే బాండింగ్ బాగా చేశాక ఎస్‌డబ్ల్యూఆర్ కాస్త పెరగొచ్చు కూడా. అది చూసి పట్టీలు పీకేయకూడదు. అడుగున చిన్న మ్యాచింగ్ కాయిల్ జోడించి సరిచేసుకోవాలి.

కేబుల్ కూడా ఇలాంటి మాయే చేస్తుంది. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 145 మెగాహెర్ట్జ్‌లో మీటరుకు సుమారు 0.2 డెసిబెల్ పవర్ తినేస్తుంది. ఐదు మీటర్లకు ఒక డెసిబెల్. అంటే యాంటెన్నాకు చేరేలోపే ఐదో వంతు పోయినట్టే. వెనక్కి వచ్చే పవర్‌ను కూడా కేబులే తినేస్తుంది కాబట్టి మీటర్ దగ్గర అంకె ఇంకా అందంగా కనిపిస్తుంది. బంపర్ దగ్గరకు కేబుల్ పొడవు పెరుగుతుంది, టాప్ మీదకు తగ్గుతుంది. చోటు ఎంపికలో ఇదీ ఒక లెక్కే.

మరి ఎత్తు సంగతి? మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 4.1తో గుణిస్తే రేడియో చూపు ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. మీటరు ఎత్తుకు 4.1, రెండు మీటర్లకు 5.8. చదునైన నేల మీద నేరుగా బండికీ బండికీ మాట్లాడేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. అదే వంద మీటర్ల ఎత్తున ఉన్న రిపీటర్‌తో మాట్లాడేటప్పుడు, దాని చూపే 41 కిలోమీటర్లు కాబట్టి మన మీటరు ఎత్తు పెద్ద లెక్కలోకి రాదు. అక్కడ ముఖ్యం ఎత్తు కన్నా అడ్డు లేకపోవడం. క్యాబిన్ చాటున దాగకుండా ఉంటే చాలు.

లైసెన్స్ లేకుండానే ప్రయోగం

ఇంత చదివాక 'నిజమేనా, నేనే చూడాలి' అనిపిస్తే మంచిదే. ఇంజినీరుకు ఉండాల్సిన గుణం అదే. హ్యామ్ లైసెన్స్ లేనివాళ్లు ట్రాన్స్‌మిట్ చేయకూడదు. కానీ ఈ పరీక్షకు ట్రాన్స్‌మిట్ చేయాల్సిన పనే లేదు. యాంటెన్నా సిగ్నల్‌ను ఏ దిశలో బాగా పంపుతుందో, ఆ దిశ నుంచే బాగా అందుకుంటుంది. మీరు చదివిన రెసిప్రోసిటీ సూత్రం ఇదే! కాబట్టి వింటే చాలు.

కావాల్సినవి: ఒక పికప్, ఒక మాగ్నెట్ మౌంట్, 75 సెంటీమీటర్ల కడ్డీ, యూఎస్‌బీకి తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ రిసీవర్, ఒక ల్యాప్‌టాప్. 75 సెంటీమీటర్లే ఎందుకంటే, 100 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం అంతే. మీ ఊరికి వినిపించే ఏదో ఒక ఎఫ్ఎం స్టేషనే మన ట్రాన్స్‌మిటర్.

విధానం ఇదీ:

- ఊరి బయట, చుట్టూ గోడలు, తీగలు లేని ఖాళీ స్థలం చూసుకోండి. స్టేషన్ మరీ దగ్గరగా ఉండకూడదు.
- రిసీవర్ గెయిన్‌ను ఆటోమేటిక్‌లో కాకుండా ఒక అంకె దగ్గర స్థిరంగా ఉంచండి. లేకపోతే తేడా కనిపించదు.
- టాప్ మధ్యలో, బానెట్ మీద, తొట్టి అంచున... ఒక్కో చోట యాంటెన్నా పెట్టండి.
- ప్రతి చోటికీ బండిని 45 డిగ్రీల చొప్పున తిప్పుతూ ఎనిమిది దిశల్లో సిగ్నల్ ఎన్ని డెసిబెల్స్ ఉందో రాసుకోండి. బండి తిరిగినా యాంటెన్నా మాత్రం నేల మీద వేసుకున్న ఒకే గుర్తు పైకి వచ్చేలా చూసుకోండి.
- ఇంజిన్ ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి రొద స్థాయి చూడండి. ఆ తర్వాత ఫోన్ చార్జర్, డ్యాష్‌క్యామ్ ఒక్కొక్కటిగా ఆన్ చేయండి. అసలు దొంగ ఇంజిన్ కాదు, చౌక యూఎస్‌బీ చార్జరే అని తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు.
- వచ్చిన అంకెలను పోలార్ గ్రాఫ్ మీద గీయండి.

టాప్ మధ్యలో పెట్టినప్పటి గీత గుండ్రానికి దగ్గరగా వస్తుంది. తొట్టి అంచున పెట్టినప్పుడు అక్కడక్కడ సొట్టలు కనిపిస్తాయి. పుస్తకంలో చూసిన రేడియేషన్ ప్యాటర్న్ మీ చేతులతో గీసిన క్షణం అది. ఇదే బండిని 4ఎన్ఈసీ2 లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తీగల మోడల్‌గా గీసి, లెక్కనూ కొలతనూ పక్కపక్కన పెడితే మినీ ప్రాజెక్టు సిద్ధం. బయట రెడీమేడ్‌గా కొనే ప్రాజెక్టుల కంటే ఇది వంద రెట్లు నయం. ఎందుకంటే వైవాలో ఏ ప్రశ్న వేసినా జవాబు మీ దగ్గరే ఉంటుంది.

ఇవి మరిచిపోవద్దు

జనం తొట్టిలో ఎక్కినప్పుడు: మన ఊళ్లలో పికప్ వెనక మనుషులు కూర్చోవడం మామూలే. తొట్టి అంచున యాంటెన్నా ఉంటే, వాళ్లు పక్కనే ఉన్నప్పుడు ట్రాన్స్‌మిట్ చేయకూడదు. 50 వాట్లు నడుస్తున్న కడ్డీని ముట్టుకుంటే చర్మం కాలుతుంది.

కరెంటు తీగలు: పొలాల మీదుగా వేలాడే తీగల కింద పొడవాటి కడ్డీతో వెళ్లడం, వాటి దగ్గర యాంటెన్నా ఎత్తడం ప్రాణాల మీదికి తెస్తుంది. హెచ్ఎఫ్ కడ్డీ వంగి కట్టుకునేలా ఉండాలి.

పవర్ కనెక్షన్: 50 వాట్ల రేడియో సుమారు 10 ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసుకోవద్దు. బ్యాటరీ నుంచి నేరుగా, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టి తీసుకోవాలి.

సామాను: గడ్డి మోపులు, కోళ్ల ట్రేలు క్యాబిన్ కన్నా ఎత్తుగా వేసే బండి అయితే తొట్టి అంచున యాంటెన్నా నిలవదు. బండి రోజూ చేసే పనిని కాదని చేసిన ఏ ఫిట్టింగూ నెల దాటదు.

ఇంతకీ నిర్ణయం ఎలా?

- వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ మాత్రమే కావాలి, బండి మీదే అయితే: టాప్ మధ్యలో రంధ్రం చేసి.
- బండి అద్దెదో, ఇంకొకరిదో అయితే: టాప్ మధ్యలో మాగ్నెట్. దిగాక తీసి లోపల పెట్టుకోవాలి.
- హెచ్ఎఫ్ కూడా కావాలంటే: తొట్టి అంచున గట్టి బ్రాకెట్, కడ్డీ అడుగు అంచు కన్నా పైకి, తప్పనిసరిగా బాండింగ్. వీహెచ్ఎఫ్‌కు టాప్ మీద వేరే యాంటెన్నా.
- టాప్ మీద, తొట్టిలో సామాను తప్పదంటే: బానెట్ క్లాంప్. కొంత నష్టం తెలిసి ఒప్పుకోవడమే.
- ఇనుప ఫ్రేమే దిక్కయితే: అర తరంగం యాంటెన్నా, ఫ్రేమ్ పైకి లేపి.

గమనించారా... ఏ ఒక్కటీ అన్ని బళ్లకూ సరైన జవాబు కాదు. అవసరం ఏంటి, ఏం వదులుకోగలం, ఎంత వదులుకుంటున్నామో కొలిచామా? డిజైన్ అంటే ఈ మూడు ప్రశ్నలే.

కెరియర్‌కు ఏం ఉపయోగం?

మా బ్యాచ్ ఈసీఈలో చాలామంది ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు. తప్పేం లేదు. కానీ యాంటెన్నా అనేది పరీక్ష రాసి మరిచిపోయే సబ్జెక్టు అనుకోవడం మాత్రం నష్టమే. ప్రజా రవాణా వాహనాలకు ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం ట్రాకింగ్ పరికరాలు పెడుతున్నారు. వాటి జీపీఎస్ యాంటెన్నాను ఎక్కడ అమర్చాలన్నదీ ఇదే ప్రశ్న. వాహనాల్లో ఒక పరికరం రొద మరో పరికరాన్ని చెడగొట్టకుండా పరీక్షించే ఈఎంసీ ఇంజినీర్లు, సెల్ నెట్‌వర్క్‌లను కొలిచే ఆర్ఎఫ్ ఇంజినీర్లు, రాడార్ బృందాలు అందరిదీ ఈ పునాదే.

మన దగ్గరే చూడండి. హైదరాబాద్‌లో డీఆర్‌డీవోకు చెందిన డీఎల్ఆర్ఎల్, ఈసీఐఎల్ ఉన్నాయి. విశాఖలో సమీర్ కేంద్రం ఉంది. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. దానికి 1024 యాగీ యాంటెన్నాలు! ఒక్క కడ్డీ ఎందుకు అలా ప్రవర్తిస్తుందో తెలిసినవాడికే వెయ్యి కడ్డీలు కలిసి ఏం చేస్తాయో అర్థమవుతుంది.

ఇంటర్వ్యూలో 'ఎస్‌డబ్ల్యూఆర్ బాగానే ఉంది, రేంజ్ మాత్రం రావట్లేదు, ఎక్కడ చూస్తారు?' అని అడిగితే, పుస్తకం చదివినవాడు నిర్వచనం చెబుతాడు. బండి కింద పడుకుని రాగి పట్టీ బిగించినవాడు కారణం చెబుతాడు.

హ్యామ్ అవ్వాలంటే...

- వయసు 12 ఏళ్లు నిండాలి. డిగ్రీ ఏదీ అవసరం లేదు.
- అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ సర్టిఫికెట్ పరీక్ష రాయాలి. ఇందులో రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్లు. రేడియో సిద్ధాంతం, నిబంధనలపై ప్రశ్నలు ఉంటాయి. జనరల్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ కూడా వచ్చి ఉండాలి.
- దరఖాస్తు కేంద్ర టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో చేయాలి. ఫీజులు, తాజా నిబంధనలు అక్కడే చూసుకోవాలి.
- పాసయ్యాక లైసెన్స్‌తో పాటు కాల్‌సైన్ వస్తుంది. జనరల్ అయితే వీయూ2, రెస్ట్రిక్టెడ్ అయితే వీయూ3తో మొదలవుతుంది.
- హ్యామ్ రేడియోను వ్యాపారానికి వాడకూడదు. ట్రాన్స్‌పోర్ట్ బుకింగులకు, డబ్బు వచ్చే పనులకు ఇది మార్గం కాదు.
- లైసెన్స్ లేకుండా హ్యామ్ బ్యాండ్లలో వాకీటాకీతో మాట్లాడటం నేరం. వినడంతో మొదలుపెట్టండి.